పూస కట్టిన నెయ్యి శుద్ధ పదార్థమా, మిశ్రమమా?

కొత్తపేట_అమ్మ:
మా పాప తొమ్మిదో తరగతి. సైన్స్ స్లిప్ టెస్టులో శుద్ధ పదార్థానికి రెండు ఉదాహరణలు రాయమంటే "స్వేదనజలం, ఆవు నెయ్యి" అని రాసింది. నెయ్యి మీద ఎర్ర గీత పడింది, ఒక మార్కు పోయింది. మార్కు సంగతి పక్కన పెట్టండి, ఇంట్లో మా అత్తగారితోనే తంటా. "మీగడ తోడేసి, చిలికి, వెన్న తీసి, నా చేత్తో కాచిన నెయ్యి శుద్ధం కాదంటాడా ఆ మాస్టారు!" అని పొద్దున్నుంచి ఒకటే సణుగుడు. ఇక పాపకి నచ్చజెప్పే పని నా మీద పడింది. ఉప్పునీళ్ళయితే మరిగించి అడుగున ఉప్పు చూపిస్తాను. ఇసుకలో ఇనప రజను ఉంటే అయస్కాంతం తిప్పుతాను. నెయ్యిలో ఏం వేరు చేసి చూపించాలి? కాచినప్పుడు ఏ మూల చూసినా ఒకేలా ఉంటుంది కదా. ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.

బాబీ_సామర్లకోట:
డబ్బా మీద "స్వచ్ఛమైన" అని రాస్తే కల్తీ లేదని. సైన్స్ పుస్తకంలో శుద్ధ పదార్థం అంటే అందులో ఒకే మూలకమో ఒకే సమ్మేళనమో ఉండాలి. ఆ లెక్కన పాలు, తేనె, కొబ్బరినూనె, గాలి అన్నీ మిశ్రమాలే. చక్కెర శుద్ధ పదార్థం, బెల్లం మిశ్రమం. మీ అత్తగారిదీ న్యాయమే, మాస్టారిదీ న్యాయమే.

పాతమాస్టారు_బొబ్బిలి:
అమ్మా, బాబీ చెప్పింది సరైనదే. కానీ పాపకి కావాల్సింది ఆ మాట ఎలా నమ్మాలో. దానికి జవాబు మీ నేతి గిన్నెలోనే ఉంది.

కాచిన నెయ్యి గిన్నెలో పోసి, కదపకుండా, ఫ్రిజ్‌లో పెట్టకుండా రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి అడుగున పూస కడుతుంది, పైన పలచగా పసుపు రంగు నూనె తేలుతుంది. ఒకే పదార్థమయితే సగం గట్టిపడి సగం ద్రవంగా ఎందుకు మిగులుతుంది? ఇప్పుడు ఆ రెంటినీ పలుచని గుడ్డలో వేసి నెమ్మదిగా వడకట్టండి. పూస ఒక గ్లాసులో, నూనె ఇంకో గ్లాసులో. రెండూ నెయ్యే, వాసనా అదే. కానీ రెండు గ్లాసులనూ గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో నిలబెట్టి, నీళ్ళను కొద్దికొద్దిగా వేడి చేస్తూ పాపని చూడమనండి. పూస గ్లాసు చాలాసేపు మొండికేస్తుంది. నూనె గ్లాసు ముందునుంచే ద్రవం. వేడి చేయడం, చల్లార్చడం, వడకట్టడం తప్ప మనం చేసిందేమీ లేదు. రసాయన చర్య ఏదీ జరగకుండానే ఒక నెయ్యి రెండు రకాల నెయ్యి అయింది. మిశ్రమమని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

కారణం ఇదీ. నేతిలో కొవ్వు అంటే ఒకటే కొవ్వు అనుకోకూడదు. గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుంటే ట్రైగ్లిజరైడ్. ఆ మూడు చోట్లా పామిటిక్, స్టియరిక్, ఓలియిక్, బ్యుటైరిక్ ఇలా ఏది కూర్చుంటే అది వేరే ట్రైగ్లిజరైడ్ అవుతుంది. నేతిలో అలాంటివి వందల రకాలుంటాయి. పొడవైన సంతృప్త గొలుసులున్నవి ముందు గట్టిపడి పూస అవుతాయి. ఓలియిక్ లాంటివి, పొట్టి గొలుసులవి ద్రవంగా మిగిలిపోతాయి. నెమ్మదిగా చల్లారితే పెద్ద పూస, గబగబా చల్లారిస్తే నున్నటి ముద్ద.

పామాయిల్ ఫ్యాక్టరీలో చేసేదీ ఇదే. ముడి పామాయిల్‌ను శుద్ధి చేశాక నెమ్మదిగా చల్లార్చి, గట్టిపడిన స్టియరిన్‌ను వడకట్టి తీసేస్తారు. ద్రవంగా మిగిలిందే పామోలిన్. ఒకప్పుడు రేషన్ షాపులో తెచ్చుకుని చలికాలం గడ్డకట్టిందని తిట్టుకున్నామే, అదే.

ఇక పోల్చడానికి మంచుగడ్డ తీసుకోండి. ముక్కలు చేసి గ్లాసులో వేసి థర్మామీటర్ పెట్టి కలుపుతూ ఉండండి. ఆఖరి ముక్క కరిగేదాకా సున్నా దగ్గరే కూర్చుంటుంది. నేతికి అలా ఒకే అంకె దొరకదు. మెత్తబడటం ఒకచోట మొదలై పూర్తిగా కరగడానికి 40 డిగ్రీల దాకా పోతుంది.

కొత్తపేట_అమ్మ:
మాస్టారూ, భలే చెప్పారు. ఇవాళ రాత్రికే గిన్నె పెడతాం. మా అత్తగారికి మాత్రం "పూస కట్టడం మంచి నెయ్యికి గుర్తు" అని ఒక్కటే అర్థమైంది, దాంతో శాంతించారు.

ఇంకొకటి. పాప అడుగుతోంది, కలిసిపోయి ఒకటైతే అదే సమ్మేళనం కదా, ఉప్పునీళ్ళు ఎందుకు కాకూడదు అని.

సౌజన్య_ట్యూషన్స్:
దీనికి ఇనుము, గంధకం ప్రయోగానికి మించింది లేదు. నేను ప్రతి బ్యాచ్‌కీ చేసి చూపిస్తాను. 7 గ్రాముల ఇనప రజను, 4 గ్రాముల గంధకం పొడి కలపండి. బూడిదరంగు, పసుపు కలిసి ఒక మురికి రంగు పొడి వస్తుంది. అయస్కాంతం పెడితే ఇనుము లేచి వస్తుంది. 7 బదులు 10 గ్రాములు కలిపినా, 2 కలిపినా మిశ్రమం మిశ్రమమే, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

అదే పొడిని పరీక్షనాళికలో వేడి చేస్తే ఒకచోట ఎర్రగా రాజుకుంటుంది. తర్వాత దీపం తీసేసినా ఆ ఎరుపు దానంతటదే పొడి అంతా పాకుతుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూసేది అక్కడే. చల్లారాక నల్లటి గడ్డ. అయస్కాంతానికి అంటదు. వేడి చేయకముందు పొడి మీద సజల ఆమ్లం వేస్తే అందులోని ఇనుముతో వాసన లేని హైడ్రోజన్ వస్తుంది, ఈ గడ్డ మీద వేస్తే కుళ్ళిన గుడ్డు కంపు, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. ఇనుము గుణం పోయింది, గంధకం గుణం పోయింది. ఈసారి 10 గ్రాముల ఇనుము తీసుకుంటే 4 గ్రాముల గంధకం దాదాపు 7 గ్రాములతోనే కలుస్తుంది, మిగిలిన 3 గ్రాములు ఇనుముగానే ఉండిపోతాయి.

ఉప్పునీళ్ళలో ఉప్పదనం పోలేదు, నీటి గుణమూ పోలేదు. చెంచా వేసుకుంటారో పిడికెడు వేసుకుంటారో మీ ఇష్టం. అందుకే సమ్మేళనం కాదు. (ఈ ప్రయోగం ఇంట్లో వద్దు. ఆ గ్యాస్ విషం. స్కూల్లో టీచర్ దగ్గరుండగానే చేయాలి.)

చాదస్తపు_రసాయనం:
మేడమ్ చెప్పిన ఈ "స్థిర నిష్పత్తి" గొడవ అంత తేలిగ్గా తేలలేదు. 1790ల చివర నుంచి కొన్నేళ్ళపాటు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు ప్రూస్ట్, బెర్తొలే దీని మీదే వాదించుకున్నారు. సమ్మేళనంలో మూలకాల నిష్పత్తి మారదని ప్రూస్ట్, మారుతుందని బెర్తొలే. బెర్తొలే చూపించిన ఉదాహరణల్లో మిశ్రమలోహాలు, గాజు, ద్రావణాలు ఉన్నాయి. అవి సమ్మేళనాలు కావు, మిశ్రమాలని తేల్చాకే ప్రూస్ట్ గెలిచాడు.

కంటికి ఒకేలా కనబడితే శుద్ధం అనుకునేవాళ్ళకి నేనెప్పుడూ చెప్పే కథ ఒకటుంది. 1890లలో లార్డ్ రాలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త నైట్రోజన్ సాంద్రత కొలిచాడు. గాలిలోంచి ఆక్సిజన్, తేమ, కార్బన్ డయాక్సైడ్ తీసేస్తే మిగిలిన నైట్రోజన్ లీటరు 1.2572 గ్రాములు తూగింది. అమ్మోనియా లాంటి సమ్మేళనాల్లోంచి తీసిన నైట్రోజన్ 1.2505 గ్రాములే తూగింది. తేడా అర శాతం. ఇంకొకరైతే కొలతలో పొరపాటని వదిలేసేవారు. ఆయన వదల్లేదు. రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే కూడా చేతులు కలిపాడు. ఇద్దరూ 1894లో గాలి నైట్రోజన్‌లో దాక్కున్న ఇంకో వాయువు ఆర్గాన్‌ను పట్టుకున్నారు. గాలిలో అది దాదాపు 0.93 శాతం. కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అన్నేళ్ళూ అందరి కళ్ళముందే "శుద్ధమైన నైట్రోజన్"గా చలామణి అయింది. 1785లోనే కావెండిష్ అనే శాస్త్రవేత్త గాలిలో విద్యుత్ మెరుపులు పుట్టించి నైట్రోజన్ అంతా లాగేస్తే చివర ఒక చిన్న బుడగ మిగిలిపోయింది. అది ఏంటో తేలడానికి వందేళ్ళు పైనే పట్టింది.

క్యూసీ_జీడిమెట్ల:
నేను మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్. మాస్టారు చెప్పిన "ఒకే అంకె" మాకు రోజూ అన్నం పెట్టే సంగతి. పొడిని సన్నటి గాజు గొట్టంలో కూరి, నెమ్మదిగా వేడి చేస్తూ ఏ డిగ్రీ దగ్గర కరుగుతుందో చూస్తాం. పారాసిటమాల్ అయితే 168, 172 మధ్య కరగాలి. 160 దగ్గరే తడి కనబడి, సాగదీస్తూ 170 దాకా కరిగితే అందులో ఇంకేదో ఉంది. మలినం ఉంటే కరిగే ఉష్ణోగ్రత కిందికి దిగుతుంది, పైగా ఒకచోట నిలవదు.

కాలేజీలో మాకు ఒక తమాషా చూపించారు. యూరియా 133 దగ్గర కరుగుతుంది, సిన్నమిక్ ఆసిడ్ కూడా 133 దగ్గరే. రెండూ తెల్లటి పొళ్ళే. కలిపి చూస్తే? 133 అని క్లాసంతా అరిచాం. అంతకంటే చాలా కిందే కరిగిపోయింది. అందుకే తెలియని పొడి తెలిసినదేనా అని అనుమానం వస్తే రెంటినీ కలిపి కరిగిస్తారు. అంకె కదలకపోతే రెండూ ఒకటే. ఇప్పుడు కలిసిన పదార్థాలను విడదీసి కొలిచే పెద్ద మెషీన్లు వచ్చాయి, హెచ్‌పీఎల్‌సీలో వేస్తే ఏ మలినం ఎంత ఉందో పాయింట్ సున్నా ఎన్నో శాతం దాకా చెప్తుంది. అయినా కొత్తగా చేరిన పిల్లలకు ముందు గాజు గొట్టమే ఇస్తాను. కళ్ళతో చూస్తే మర్చిపోరు.

టంకం_రిపేర్స్:
అన్నలూ, నాదో డౌటు. నేను టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తా. మేం వాడే టంకం తీగలో 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం. మిశ్రమమే కదా. కానీ అది సరిగ్గా 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, ఒక్కసారిగా గడ్డకడుతుంది. తగరం విడిగా 232, సీసం విడిగా 327. మీ లెక్కన అయితే 63/37 శుద్ధ పదార్థం అవ్వాలి. 60/40 తీగ మాత్రం మీరు చెప్పినట్టే, కాసేపు ముద్దగా ఊగిసలాడి గట్టిపడుతుంది. ఆ టైములో పార్టు కాలు కదిలిందా, జాయింటు పోయినట్టే. అందుకే నేను 63 తప్ప వాడను.

చాదస్తపు_రసాయనం:
తమ్ముడూ, నీ చేతిలో ఉన్నది చాలామంది లెక్చరర్లకే గుర్తురాని ఉదాహరణ. పనిలో పని నేనూ ఇంకోటి వేస్తా. ఆల్కహాల్, నీళ్ళు కలిపి బట్టీ పెడితే 95.6 శాతం ఆల్కహాల్ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎన్నిసార్లు స్వేదనం చేసినా ఆవిరిలోనూ అదే నిష్పత్తి, ద్రవంలోనూ అదే. మరిగేది 78.2 డిగ్రీల దగ్గర, చివరి చుక్క దాకా కదలదు. పుస్తకంలో "స్థిరమైన మరిగే ఉష్ణోగ్రత ఉంటే శుద్ధ పదార్థం" అని బట్టీపట్టినవాడు దీన్ని శుద్ధమనే అంటాడు. తొమ్మిదో తరగతి నిర్వచనాలు ఎంత బలహీనమో చూడండి.

సౌజన్య_ట్యూషన్స్:
సార్, ఆ మాట అనకండి. తొమ్మిదో తరగతి పిల్లకి ముందు నెయ్యి, మంచు అర్థం కావాలి. మినహాయింపులు ముందే చెబితే అసలుదే పోతుంది.

చాదస్తపు_రసాయనం:
మినహాయింపులు అసలే చెప్పకపోతే ఇంటర్‌కి వచ్చాక నేను చెప్పింది నమ్మరు మేడమ్. ఆ కష్టం నాది.

పాతమాస్టారు_బొబ్బిలి:
మీ ఇద్దరి మధ్య నేను దూరతాను. టంకం తమ్ముడి ప్రశ్న నుంచి వద్దాం.

183 స్థిరంగా ఉంటుంది నిజమే. కానీ ఆ స్థిరత్వం 63/37 అన్న ఒక్క నిష్పత్తికే. గడ్డకట్టిన ముక్కను నునుపుగా పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే తగరం ఎక్కువున్న పొరలు, సీసం ఎక్కువున్న పొరలు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండు ఘనపదార్థాలు ఒకే ఉష్ణోగ్రత దగ్గర కలిసి కరుగుతున్నాయి, అంతే. ఇలాంటి దాన్ని యూటెక్టిక్ అంటారు.

ఆల్కహాల్ సంగతి ఇంకా సులువు. పీడనం మార్చండి. 95.6 అన్న అంకె కదులుతుంది. పీడనం బాగా తగ్గిస్తే, 70 మిల్లీమీటర్ల పాదరసం కంటే దిగువకు వెళితే, ఆ అడ్డంకే పోతుంది. నీరు అనే సమ్మేళనాన్ని కొండమీద మరిగించండి, కుక్కర్లో మరిగించండి, మరిగే ఉష్ణోగ్రత మారుతుంది గానీ హైడ్రోజన్, ఆక్సిజన్ల నిష్పత్తి వెంట్రుకవాసి కూడా మారదు. కాబట్టి స్థిరమైన అంకె కనబడగానే తీర్పు చెప్పకుండా, పరిస్థితి మార్చినప్పుడు కూర్పు కూడా మారుతోందా అని అడగాలి. పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు ఆ చివరి నీళ్ళు కూడా పనికిరావు. అందుకే ఫ్యాక్టరీల్లో స్వేదనం అయ్యాక మాలిక్యులర్ సీవ్ అనే గుళికల గుండా పంపుతారు. వాటి రంధ్రాల్లో నీటి అణువులు చిక్కుకుంటాయి, ఆల్కహాల్ దాటిపోతుంది. అదీ భౌతిక పద్ధతే.

టంకం_రిపేర్స్:
ఇప్పుడు క్లియర్ మాస్టారూ. పొరల ఫొటో నెట్‌లో చూశా, చారలు చారలుగా భలే ఉంది.

నగలపని_నరసాపురం:
బంగారం గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 బంగారం, మిగతాది రాగి, వెండి. మేలిమి 1064 దగ్గర కరుగుతుంది. రాగి కలిసిన 22 క్యారట్ అంతకంటే ముందే కరుగుతుంది. టంకం తమ్ముడి సీసంలా ఇందులో చారలుండవు. రాగి, వెండి పరమాణువులు బంగారం పరమాణువుల మధ్యే సర్దుకుంటాయి. మా భాషలో బాగా కలిసిన బంగారం అంటాం, మాస్టారి భాషలో సజాతీయ మిశ్రమం, అంటే ఏ మూల చూసినా ఒకేలా ఉండేది. 22 చేయొచ్చు, 18 చేయొచ్చు, 14 చేయొచ్చు, అడిగినంత. అదే సమ్మేళనమైతే మన ఇష్టం చెల్లదు కదా.

బాబీ_సామర్లకోట:
పాలు సజాతీయమా, విజాతీయమా? మా తమ్ముడు సజాతీయం అంటున్నాడు.

సౌజన్య_ట్యూషన్స్:
విజాతీయం. కొల్లాయిడ్, అంటే కంటికి ఆనని సన్నటి కణాలు ద్రవంలో తేలుతూ ఉండేది. గ్లాసు నీళ్ళలో రెండు చుక్కల పాలు వేసి చీకట్లో టార్చి కొడితే వెలుగు దారి కనిపిస్తుంది, ఉప్పునీళ్ళలో కనిపించదు. టిండాల్ ప్రభావం. పరీక్షలో తప్పకుండా అడుగుతారు.

కొత్తపేట_అమ్మ:
గిన్నె ప్రయోగం అయింది. గుడ్డలోంచి నూనె దిగడానికి చాలాసేపు పట్టింది గానీ రెండు గ్లాసులూ వచ్చాయి. పాప ఫొటో తీసి సైన్స్ మాస్టారికి చూపిస్తుందట. పూస గ్లాసు నెయ్యి తెల్లగా, పైది పసుపుగా ఉంది. రంగు కూడా వేరా మాస్టారూ?

పాతమాస్టారు_బొబ్బిలి:
పసుపు కెరోటిన్ వల్ల. ఆవు నేతిలో ఎక్కువ. అది కొవ్వులో కరిగి ఉంటుంది కాబట్టి ద్రవంగా మిగిలిన భాగంతోపాటు పైకి పోయింది. గేదె నేతితో చేస్తే ఈ తేడా ఇంతగా కనబడదు. కావాలంటే ఇంకో గిన్నె పెట్టండి, అత్తగారు ఒప్పుకుంటే.

కొత్తపేట_అమ్మ:
ఒప్పుకోరు! చివరగా ఒక్కటి. మీ లెక్కన ఉప్పు కూడా శుద్ధ పదార్థమే కదా, మరి వర్షాకాలం మా కల్లుప్పు జాడీలో నీళ్ళూరి ముద్దవుతుంది. ప్యాకెట్ ఉప్పు పొడిగానే ఉంటుంది. రెండూ సోడియం క్లోరైడే కదా?

ఉప్పుమడి_నౌపడా:
ఇది మా ఊరి ప్రశ్న, నేను చెప్తా. సముద్రపు నీరు లీటరులో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో సోడియం క్లోరైడ్ 27 గ్రాముల చిల్లర. మిగతా వాటిలో మెగ్నీషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, జిప్సం వగైరా. మడుల్లో నీళ్ళు ఎండబెట్టేటప్పుడు అన్నీ ఒకేసారి దిగవు. ముందు మడుల్లో సున్నం, జిప్సం దిగిపోతాయి. నీళ్ళు చిక్కబడి హైడ్రోమీటర్ (చిక్కదనం కొలిచే గొట్టం, దీని డిగ్రీలు వేడివి కావు) 25 డిగ్రీలు చూపిస్తే ఉప్పు దిగడం మొదలవుతుంది. దాన్ని లాగి గట్టు మీద కుప్ప పోస్తాం. 29, 30 దాటిందంటే ఆ నీళ్ళు వదిలేయాలి. నాలుక మీద వేసుకుంటే చేదు. మెగ్నీషియం అంతా అందులోనే ఉంటుంది. ఆశపడి ఆ నీళ్ళను కూడా ఎండగట్టినా, ఉప్పును సరిగా వోడ్చకపోయినా గింజల మీద ఆ చేదునీళ్ళ పొర అంటుకుని ఉండిపోతుంది.

గాలిలో తేమ 75 శాతం చేరితే తప్ప అచ్చమైన సోడియం క్లోరైడ్ నీళ్ళూరదు. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. మీ జాడీలో నీళ్ళు లాగేది ముందు అదే. ప్యాకెట్ ఉప్పును కడిగి, ఆరబెట్టి, గడ్డకట్టకుండా కొంచెం పొడి కలుపుతారు. అయోడిన్ కోసం పొటాషియం అయొడేట్ కూడా ఉంటుంది, కాబట్టి లెక్క ప్రకారం అదీ మిశ్రమమే.

మీ కల్లుప్పును మామూలు నీళ్ళతో కడగకండి, సగం కరిగిపోతుంది. ఒక గిన్నె నీళ్ళలో ఇక కరగనంతవరకు ఉప్పు వేసి కలిపి, పైన తేరిన ఆ ఉప్పునీళ్ళతో కడగండి. ఆ నీళ్ళు ఇంకా సోడియం క్లోరైడ్‌ను కరిగించుకోలేవు, మెగ్నీషియం మాత్రం అందులోకి దిగిపోతుంది. వోడ్చి ఎండలో ఆరబెట్టి జాడీలో పోసుకోండి. ఫ్యాక్టరీల్లో కడిగేదీ ఇలాగే.